చేతి తప్పు

ఆ చలికాలం సంగతి వరసగా చెప్పమంటే నా వల్ల కాదు. కొన్ని వారాలు ఊదిన అద్దంలోంచి చూసినట్టు మసకమసగ్గా ఉన్నాయి. వంటింట్లో ఫ్యాను ముందు బిగించావా, తలుపు కింద జాలీ ముందు మూశావా అని వదిన ఇప్పటికీ నిలదీస్తుంది, నేను ఇప్పటికీ నీళ్ళు నములుతాను. ఒక్కటి మాత్రం ఖాయం. అన్నిటికన్నా ముందు మా పాత గ్యాస్ గీజర్ పోయింది.

ఇల్లు మా అత్తగారిది. నేను అందులో ఉంటున్న అల్లుణ్ణి. ఇంట్లో ఏది చెడిపోయినా బాగు చేయించి తీరాలన్న పట్టుదల నాకు కాస్త ఎక్కువ. అందుకే గీజర్ల దుకాణానికి నేనే బయలుదేరాను.

"పొగ ఎలా పంపుదామనుకుంటున్నారు?" అన్నాడు దుకాణదారు, నేను కూర్చోకముందే.

నేను వేణ్ణీళ్ళ కోసం వచ్చాను. పొగ సంగతి నాకు తట్టనేలేదు.

"నాలుగు దారులున్నాయండి," అని వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "ఒకటి, మామూలు పొగగొట్టం. వేడి పొగ కదా, దానంతటదే కప్పులోంచి పైకి పోతుంది. రెండోది, గీజర్ నెత్తిన చిన్న ఫ్యాను ఉంటుంది, అది పొగని గోడలోంచి బయటికి నెట్టేస్తుంది. కరెంటు పోతే నీళ్ళు లేవంతే. మూడోది, గొట్టంలో గొట్టం. లోపలి దాంట్లోంచి పొగ పోతుంది, పై దాంట్లోంచి మంటకి కావలసిన గాలి బయటినుంచే వస్తుంది. ఇంట్లో గాలితో దానికి పనే లేదు. నాలుగోది, అసలు గీజర్నే బయట గోడకి తగిలించెయ్యడం."

"లోపలి దాంట్లోంచి గాలి వస్తుందన్నమాట," అన్నాను తెలివిగా.

"కాదండీ, లోపలి దాంట్లోంచి పొగ పోతుంది."

"అదే, అదే," అని తల ఊపాను. నాకు బుర్ర తిరిగిపోయినప్పుడు తల దానంతటదే ఊగుతుంది.

అతనికి జాలేసినట్టుంది. "ఇంట్లో పాత గొట్టం ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "అయితే ఆ మొదటి రకమే తీసుకెళ్ళి దానికే కలిపించుకోండి. కాకపోతే ఆ గదిలోకి గాలి వస్తూ ఉండాలి. జాలీ ఉందా?" ఉందన్నాను. ఆ రోజుకి అది నిజమే.

ఇక్కడ నా ఉద్యోగం ఏమిటో చెప్పుకోవాలి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ తప్పదు. నేను ఇంట్లో కూర్చుని వస్తువులతోపాటు వచ్చే వాడకం పుస్తకాలు రాస్తాను. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, గాలి పంపులు. "ఈ పరికరాన్ని వాడేముందు ఈ పుస్తకాన్ని పూర్తిగా చదవండి" అన్న వాక్యం నా జీవితంలో ఏ మూడు వందల సార్లో రాసి ఉంటాను. కొత్త గీజర్‌తో కూడా ఒక పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో ఆ వాక్యమే ఉంది. వాక్యం బాగుందనుకుని పుస్తకాన్ని సొరుగులో పెట్టేశాను.

బిగించడానికి వచ్చిన మేస్త్రికి మా వీధిలో 'తొందరేంలేదు' అని పేరు. ఏ పనికి పిలిచినా ముందు ఆ మాటే అంటాడు కనుక. గీజర్ మా ఉతుకుల గదిలో నిలబడింది. వంటింటి వెనక ఉన్న ఇరుకు గది అది. గీజర్ నెత్తికీ గొట్టానికీ మధ్య ఒక రేకు గొడుగు, దాని కింద చుట్టూ నాలుగు వేళ్ళ సందు. పని అయ్యాక అతను అగ్గిపుల్ల గీసి ఆ సందు దగ్గర పట్టాడు. మంట గొట్టం వైపు వంగింది.

"చూశారుగా? లోపలికి లాగుతోంది. అంటే పొగ పైకి పోతోంది. నెలకోసారి ఇలా చూసుకుంటూ ఉండండి. మంట మనవైపు వంగితే మాత్రం నాకు కబురు పెట్టండి."

నేను తల ఊపాను.

మా అత్తగారు ముప్పై ఒక్క ఏళ్ళు ఉన్ని మిల్లులో తనిఖీ విభాగంలో పనిచేశారు. ఆవిడ చేయి తడిమితే స్వెటర్లో లోపం దాగేది కాదట. మిల్లువాళ్ళు ఆవిణ్ణి 'చెకింగమ్మ' అనేవాళ్ళు. ఇంట్లో ఆ పేరు ఎవరూ పైకి అనలేదు గానీ, అన్నం ముందు కూర్చున్నప్పుడు నా చొక్కా గుండీలకేసి ఆవిడ చూసే చూపులో మిల్లు మొత్తం కనిపించేది. నాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో ఆవిడ ఇద్దరు కూతుళ్ళకీ, మనవలకీ, పాలవాడి కూతురికీ స్వెటర్లు అల్లారు. నాకు అల్లలేదు. నేను అడగలేదు.

ఆ చలికాలం మొదట్లో ఒకరోజు టేపు పట్టుకుని వచ్చి, "చేతులు చాపండి అల్లుడుగారూ," అన్నారు. అంతే. బూడిదరంగు ఉన్ని, మధ్యలో వజ్రాల డిజైను. వరసకి నూట ఇరవై కుట్లు, పది వజ్రాలు. నాకు లోపల ఎంత సంబరంగా ఉందో మా ఆవిడకి కూడా చెప్పుకోలేదు.

అత్తగారికి మిల్లు అలవాటు ఒకటి ఉండిపోయింది. అక్కడ ఒక్కో షిఫ్టు పని ముగిశాక అంచుకి ఒక రంగు దారం ముడివేసేవాళ్ళట, తరవాత లోపం బయటపడితే అది ఏ షిఫ్టుదో తెలియడానికి. ఇంట్లో షిఫ్టులు లేవు కనుక ఆవిడ వారాలకి రంగులు పెట్టుకున్నారు. సోమవారం ఎరుపు, గురువారం ఆకుపచ్చ, ఆదివారం నారింజ, ఇలా ఏడు. ఆ రోజు అల్లిక ఆపేటప్పుడు చివరి వరస అంచున ఆ రోజు దారం కట్టేవారు. స్వెటర్ పూర్తయ్యాకే అవి విప్పడం.

ఆవిడ కూర్చునే చోటు ఉతుకుల గదే. గీజర్ పక్కన వెచ్చగా ఉంటుంది, కిటికీలోంచి వెలుగు బాగా పడుతుంది. "కింద నుంచి మాత్రం చలిగాలి కాళ్ళకి కొడుతోంది," అన్నారు ఒకరోజు, నాతో కాదు, గోడతో. గోడ ఊరుకుంది, నేను ఊరుకోలేదు. పెరటి తలుపు కింద జాలీని లోపలినుంచి స్పాంజితో కుక్కి, పైన అట్ట అంటించి, కిటికీ సందులకి టేపు వేశాను. ఇప్పుడు బాగుందా అంటే, "పనికొస్తారే," అన్నారు. తొమ్మిదేళ్ళలో నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది.

ఆ ఊపులోనే వంటింట్లో పెద్ద ఫ్యాను కూడా పెట్టించాను, ఆవిర్లన్నీ బయటికి లాగేసే రకం. కాదు, ఫ్యానే ముందేమో. సోమవారాలూ గురువారాలూ మా ఇంట్లో బట్టలు ఉతికే రోజులు. గీజర్ పొద్దుణ్ణించి మధ్యాహ్నం దాకా మండుతూనే ఉంటుంది. గోడలు చెమర్చకుండా ఆ రెండు రోజులూ ఫ్యాను జోరుగా తిప్పి, ఉతుకుల గదికీ వంటింటికీ మధ్య తలుపు బార్లా తెరిచి ఉంచేవాణ్ణి. నా బల్ల కూడా వంటింటి పక్కనే. ఎంత పద్ధతిగా ఉన్నాం అనుకునేవాణ్ణి.

నాకు తలనొప్పి మొదలైంది. మా ఆవిడ కళ్ళద్దాల దుకాణంలో కళ్ళు పరీక్షిస్తుంది. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వస్తుంది. నన్ను మూడుసార్లు కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాలు చదివించింది. "కళ్ళు నిక్షేపంగా ఉన్నాయండీ," అంది. మరి తల ఎందుకు బరువుగా ఉంటోంది? నాకేం తెలుసు. చలి అనుకున్నాను. పని ఎక్కువైందనుకున్నాను. ఒకరోజు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది.

"మిక్సీ పుస్తకంలో ఇదేమిటండీ? 'మూత తెరవడానికి ముందుగా మూత తెరవండి' అని రాశారు."

"రాశానా?"

"రెండుసార్లు రాశారు."

నేను ఆ పేజీ మళ్ళీ చదివాను. మొదటిసారి చదివినప్పుడు అందులో తప్పేమిటో నాకు అర్థం కాలేదు. నిజం చెప్తున్నాను, రెండు నిమిషాలు చూసినా అర్థం కాలేదు.

అత్తగారి సంగతి ఇంకోలా మొదలైంది. ఒక సాయంత్రం ఆవిడ స్వెటర్ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఏమైందని అడిగాను.

"ఒక వజ్రం పోయింది."

"ఎక్కడికి పోతుంది?"

"తొమ్మిదే ఉన్నాయి అల్లుడుగారూ. పది ఉండాలి. పదోది అల్లానే అనుకున్నాను." ఆవిడ గొంతులో భయం విన్నాను. నవ్వేద్దామని నోరు తెరిచి మూసేశాను.

మరో వారానికి కుళాయి తిప్పి వదిలేశారు. ఇంకోసారి పొద్దుటి మందులు మధ్యాహ్నం మళ్ళీ వేసుకోబోయారు. స్వెటర్లో వజ్రాలు ఒకసారి తొమ్మిది, ఒకసారి పదకొండు. కొన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ముప్పై ఒక్క ఏళ్ళు ఇతరుల తప్పులు పట్టిన మనిషి, సొంత తప్పు ముందు కూర్చుని వేలితో తడుముతూ ఉండేవారు. విప్పుదామన్నా ఎక్కడినుంచి విప్పాలో తేలడం లేదనేవారు. దారాలు మాత్రం ఏ రోజుకారోజు కడుతూనే ఉన్నారు.

ఒక గురువారం మధ్యాహ్నం నేను మంచినీళ్ళు తెచ్చిస్తే గ్లాసు అందుకుని నాకేసి మర్యాదగా చూశారు.

"మీరెవరండీ? మా అమ్మాయి కోసం వచ్చారా?"

"నేనే అత్తయ్యగారూ," అన్నాను. "కూర్చోండి, వచ్చేస్తుంది," అన్నారు ఆవిడ. నేను నిజంగానే ఎదుట కుర్చీలో కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక, మా ఆవిడ వచ్చేదాకా అత్తగారి అతిథిలా అలాగే కూర్చున్నాను. నా తల కూడా దిమ్ముగా ఉంది. ఒక దశలో, నేనెవరో నాకూ అంత గట్టిగా తెలియదేమో అనిపించింది.

వదిన ఆ ఆదివారమే దిగింది. మా ఆవిడకి అక్క, ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్. ఏ విషయమైనా గంట కొట్టేలోగా తేల్చేస్తుంది. "వయసు మీద పడింది, అంతే. మీరిద్దరూ పగలంతా చూసుకోలేరు. పెద్దవాళ్ళ వసతి గృహం ఒకటి చూశాను, శుభ్రంగా ఉంది, నర్సు ఉంటుంది. ఒకటో తారీకు నుంచి గది ఖాళీ అవుతుందన్నారు, ఉంచమని చెప్పాను."

"అమ్మని అడిగావా?" అంది మా ఆవిడ.

"అమ్మకి ఇప్పుడు అడిగితే అర్థమవుతుందా?"

అత్తగారు పక్క గదిలోనే ఉన్నారు. ఆదివారాలు మా ఆవిడ ఇంట్లో ఉంటుంది, ఉక్కపోత అంటూ చలిలో కూడా ముందు గదుల కిటికీలూ తలుపులూ అన్నీ తెరిచేస్తుంది. ఆ రోజూ తెరిచే ఉన్నాయి. ప్రతి మాటా అత్తగారికి వినబడి ఉంటుంది. నేను వెళ్ళి చూస్తే వరస పూర్తి చేసి నారింజ దారం కడుతున్నారు. తల ఎత్తలేదు.

"అల్లుడుగారూ," అన్నారు, "ఇది మీకు పూర్తయ్యేలోపు నన్ను పంపించెయ్యరు కదా?"

నేను ఏమీ అనలేకపోయాను. అనాల్సింది. ఇది మీ ఇల్లు, మిమ్మల్ని పంపించడానికి మేమెవరం అనాల్సింది. ఆ మాటలు నాకు రెండు రోజుల తరవాత తట్టాయి.

ముందుగా డాక్టరుకి చూపించాలని వదిన ఆ శుక్రవారం ఆవిణ్ణి తన ఇంటికి ఒక వారం తీసుకెళ్ళింది. డాక్టరు పరీక్షలు రాశాడు, వయసు అన్నాడు, మళ్ళీ రమ్మన్నాడు. ఆ వారం పగలంతా నేను ఇంట్లో ఒక్కణ్ణే. సోమవారం బట్టలు వేశాను, ఫ్యాను తిప్పాను, బల్ల ముందు కూర్చుని ఇస్త్రీపెట్టె పుస్తకం రాస్తూ కుర్చీలోనే నిద్రపోయాను. లేచేసరికి వాంతి వచ్చేలా ఉంది. అత్తగారు లేని దిగులు అనుకున్నాను. నాకు ఆవిడ మీద అంత ప్రేమ ఉందని అప్పుడే తెలిసింది. ప్రేమ ఉన్నమాట నిజమే గానీ, ఆ వాంతికీ దానికీ సంబంధం లేదని తరవాత తేలింది.

వారం అయ్యాక శుక్రవారం పొద్దున వదిన ఆవిణ్ణి తీసుకొచ్చింది, బట్టలు సర్దుకోవడానికి. ఒకటో తారీకుకి ఇంకా నాలుగు రోజులుంది. మా ఆవిడ సెలవు పెట్టింది. పెట్టె తెరిచి మంచం మీద పెట్టాం. అత్తగారు పెట్టెకేసి చూడనైనా చూడలేదు. సంచిలోంచి స్వెటర్ తీసి భోజనాల బల్ల మీద పరిచారు. ముడతలు అరచేత్తో నొక్కారు. కళ్ళజోడు సర్దుకున్నారు.

"అందరూ ఇటు రండి," అన్నారు. అది మా అత్తగారి గొంతు కాదు. మిల్లులో ఆవిడ గొంతు అలా ఉండేదేమో.

చుట్టూ నిలబడ్డాం. ఆవిడ వేలు పై నుంచి కిందికి నడిచింది. "ఇవి పెద్దమ్మాయి ఇంట్లో అల్లినవి. ఏడు రోజులు, ఏడు దారాలు. ఒక్క తప్పు లేదు."

"చూశావా, అక్కడ ప్రశాంతంగా ఉంది," అంది వదిన చెల్లెలితో.

"మాట్లాడకు. ఇప్పుడు ఇక్కడ అల్లినవి చూడండి. ఆదివారం, నారింజ. తప్పు లేదు. మళ్ళీ ఆదివారం. లేదు. సోమవారం, ఎరుపు. తొమ్మిది వజ్రాలు. మంగళవారం ఏదో కొంచెం వంకర. బుధవారం బాగుంది. గురువారం, ఆకుపచ్చ, ఇది అసలు వజ్రమే కాదు. కింది వారం చూడండి. సోమవారం. గురువారం. దాని కిందా అంతే." వేలు ఆగింది. "చేతి తప్పు ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది. దానికి వారం వర్జ్యం ఉండదు. ఇలా లెక్కగా వచ్చేది యంత్రం తప్పు. నాకు ముసలితనమే వస్తే సోమవారం, గురువారం చూసుకుని వస్తుందా?"

వదిన ముందుకి వంగి ఆకుపచ్చ దారాలు ఒక్కొక్కటే వెతికింది.

"ఈ ఇంట్లో సోమవారం, గురువారం ఏం నడుస్తుంది?" అని అడిగారు నన్ను.

"బట్టలు," అన్నాను.

నా నోటినుంచి ఆ మాట వచ్చాక మిగతాది మెల్లగా, ఒక్కొక్కటే వచ్చింది. బట్టలు, వేణ్ణీళ్ళు, గీజర్, ఫ్యాను. కంపెనీ ఫోన్ వచ్చిన పేజీ నేను రాసింది ఒక సోమవారం. సొరుగు లాగి గీజర్ పుస్తకం తీశాను. పదకొండో పేజీలో గదికి గాలి వచ్చే జాలీని ఎట్టి పరిస్థితుల్లోనూ మూయరాదని పెద్ద అక్షరాలతో ఉంది. కింద, అదే ఇంట్లో గాలిని బయటికి లాగే ఫ్యాను ఉంటే పొగ వెనక్కి తిరిగే ప్రమాదం ఉందని ఉంది. చాలా శుభ్రంగా రాశాడు ఎవడో. నాలాంటి వాడే అయ్యుంటాడు.

కిటికీల టేపు పీకేసి తలుపులన్నీ తెరిచి, మేస్త్రికి ఫోన్ చేశాను. "తొందరేం లేదు, సాయంత్రం..." అన్నాడు. సంగతి చెప్పాను. పది నిమిషాల్లో వచ్చాడు. అతను పరుగెత్తడం మా వీధి ఎప్పుడూ చూడలేదు.

మమ్మల్ని గుమ్మంలోనే ఆపాడు. జేబులోంచి చిన్న మీటరు తీసి చూసుకుంటూ లోపలికి వెళ్ళి, కిటికీలు ఒక్క నిమిషం మూసి, వేణ్ణీళ్ళు వదిలి, వంటింటి ఫ్యాను వేశాడు. రేకు గొడుగు కింద అగ్గిపుల్ల పట్టాడు. గుమ్మం దగ్గర్నుంచి నాకు కనిపించింది. మంట తిన్నగా వంగి మావైపు చూసింది. వెంటనే అన్నీ కట్టేసి, తలుపులు తెరిచి, మీటరు చూసుకుంటూ బయటికి వచ్చేశాడు.

"అందరూ వీధిలోకి పదండి. ముందు గాలి పీల్చండి, తరవాత డాక్టరు దగ్గరికి వెళ్ళి రక్తం పరీక్ష చేయించుకోండి. కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు. ఉన్నట్టే తెలీదు."

వీధిలో నిలబడ్డాం, శాలువాలు కప్పుకుని, నలుగురం. ఎదురింటివాళ్ళు ముక్కున వేలేసుకుని చూస్తున్నారు. మేస్త్రి ప్రహరీ గోడ మీద పెన్సిల్‌తో చిన్న ఇల్లు గీశాడు.

"ఇల్లు కూడా ఊపిరి పీలుస్తుందండి. ఈ ఫ్యాను ఇంట్లో గాలి బయటికి తోడేస్తోంది. తోడినంత గాలి లోపలికి రావాలి కదా? కిటికీలకి టేపు. ఇక్కడ జాలీ ఉండాలి. లేదు. ఇంకేం దారుంది? పొగగొట్టం ఒక్కటే. దాంట్లోంచి గాలి కిందికి దిగుతుంది, పైకి పోవాల్సిన పొగ ఇంట్లో పడుతుంది. ఆ జాలీకి స్పాంజి ఎవరు కుక్కారు?"

తల ఊపే అలవాటు ఆ నిమిషంలో నాకు పనికిరాలేదు.

"నేనే," అన్నాను. "అత్తయ్యగారి కాళ్ళకి చలి కొడుతోందని."

మా ఆవిడ నాకేసి చూసిన చూపు నేను మర్చిపోలేను. కోపమైతే భరించేవాణ్ణి. అది భయం. పొద్దున్నే ఇల్లు వదిలి వెళ్ళే మనిషి, ఏ సాయంత్రమైనా వచ్చి తలుపు తీసేసరికి ఏం కనిపించి ఉండేదో చూస్తోంది. వదిన నోరు తెరిచింది. అత్తగారు చెయ్యెత్తి ఆపారు.

"అత్తయ్యగారూ, నేను మిమ్మల్ని..." అన్నాను. ఏడ్చాను. నలుగురి ముందు, నడివీధిలో.

"ఊరుకోండి," అన్నారు ఆవిడ. "నన్ను మీరు చంపబోయారు, నిజమే. కాళ్ళు వెచ్చగా ఉంచి చంపబోయారు. కొన్నాళ్ళు దెప్పుతాను, పడండి."

రక్తంలో ఆ గాలి ఆవిడకీ ఉంది, నాకూ ఉంది. ప్రమాదం దాటాం గానీ, తల పూర్తిగా తేరుకోవడానికి వారాలు పట్టవచ్చన్నాడు డాక్టరు. వయసు సంగతి తేరుకున్నాకే చెప్పగలనన్నాడు. వసతి గృహం గది వద్దని వదిన అక్కడే, ఆసుపత్రి వరండాలోంచే ఫోన్ చేసి చెప్పేసింది. చెప్పాక గోడవైపు తిరిగి చాలాసేపు ముక్కు తుడుచుకుంది.

గీజర్ల దుకాణానికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి నలుగురం వెళ్ళాం. దుకాణదారు వేళ్ళు మడవబోతుంటే నేనే మడిచాను. కప్పులోంచి పోయే గొట్టమైతే ఇంటి గాలి మీద ఆధారపడుతుంది, నాలాంటివాడున్న ఇంట్లో పనికిరాదు. ఫ్యానుతో నెట్టేదైతే పొగ బయటికి పోతుంది గానీ మంటకి ఇంట్లో గాలే కావాలి, అంటే జాలీ మీద మళ్ళీ నన్ను నమ్మాలి. బయట గోడకి తగిలిద్దామంటే గడ్డకట్టే చలికి గొట్టాలు పగులుతాయి. గొట్టంలో గొట్టమైతే గాలి బయటిదే, పొగా బయటికే. గీజర్ మూసిన పెట్టె. ఇంట్లో ఎవడేం కుక్కినా దానికి పట్టదు.

"లోపలి దాంట్లోంచి ఏం పోతుంది?" అంది మా ఆవిడ, పరీక్ష పెడుతున్నట్టు.

"పొగ," అన్నాను. చెప్పాక ఒక్క క్షణం అనుమానం వచ్చి దుకాణదారు కేసి చూశాను. అతను తల ఊపాడు.

పాత గొట్టానికి కప్పు దగ్గర మూత వేయించాం. జాలీలోంచి స్పాంజి పీకేశాం. వంటింట్లో ఒకటి, ఉతుకుల గదిలో ఒకటి, ఆ గాలి వస్తే కూత పెట్టే పెట్టెలు రెండు తగిలించాం. అత్తగారి కాళ్ళకి మా ఆవిడ మందపాటి మేజోళ్ళు కొంది. అంత తేలికైన పని నాకు ఎందుకు తట్టలేదో తెలియదు.

స్వెటర్ విప్పి మళ్ళీ మొదలుపెట్టారు అత్తగారు. సోమవారం వరసలు వచ్చాయి, సరిగ్గానే. గురువారం వరసలు, సరిగ్గానే. అయినా మేం ముగ్గురం నమ్మలేకపోయాం. ఆవిడ కుట్లు లెక్కపెడుతుంటే నేను బల్ల దగ్గర రాయడం ఆపి లోపల లెక్కపెట్టేవాణ్ణి. నూట పద్ధెనిమిది, నూట పంతొమ్మిది. వదిన ఫోన్ చేసి, "ఇవాళ ఎన్ని?" అనేది. పది అనేవాణ్ణి. అంటే పది వజ్రాలు, అమ్మ బాగుంది అని.

చలి తగ్గి కిటికీలు తెరిచే రోజులు వచ్చాయి. స్వెటర్ కాలరు దగ్గరికి వచ్చింది. ఒక మంగళవారం, మేం ముగ్గురం టీ తాగుతున్నాం, వదిన కూడా వచ్చి ఉంది. అత్తగారు ఉతుకుల గదిలోంచి, "అరె," అన్నారు.

వెళ్ళాం. ఒళ్ళో స్వెటర్. వేలు ఒకచోట ఆగి ఉంది.

"తొమ్మిది," అన్నారు.

మా ఆవిడ కిటికీకి పరుగెత్తింది. వదిన కూత పెట్టె బొత్తాం నొక్కింది, అది ఇల్లు అదిరేలా కూసింది, అంటే బాగానే ఉంది. నేను వీధిలోకి వెళ్ళి గోడ బయటి గొట్టం మూతి చూశాను, లోపలికి వచ్చి గీజర్ పెట్టె చుట్టూ తడిమాను, మేస్త్రికి ఫోన్ కలిపాను. అతను వచ్చి మీటరు పట్టుకుని గదంతా తిరిగాడు. ముల్లు సున్నా దగ్గరే పడుకుంది.

"ఏమీ లేదండి. నిక్షేపంలా ఉంది," అన్నాడు.

అది మంచి వార్తే. కానీ మా ముగ్గురి మొహాల్లో రక్తం లేదు. యంత్రం బాగుంటే మరి ఆ తొమ్మిది ఎక్కడిది? నాకు వసతి గృహం గుర్తొచ్చింది. వాళ్ళిద్దరికీ కూడా అదే గుర్తొచ్చిందని మొహాలు చూస్తే తెలుస్తోంది.

అత్తగారు మమ్మల్ని ఒక్కొక్కరినే చూశారు. తనిఖీ చేసినట్టే చూశారు. తరవాత స్వెటర్ కిటికీ వెలుగులోకి ఎత్తి, పక్క వరసలు చూసి, కింది దారాలు చూసి, తప్పిన చోట బొటనవేలితో రుద్దారు.

"ఇంత కంగారెందుకు? మీ టీ గ్లాసుల చప్పుడుకి లెక్క తప్పాను," అన్నారు. "ఇది చేతి తప్పు."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో ఎంత గర్వం ఉందో చెప్పలేను. ఆ ఒక్క వరస విప్పబోతుంటే నేను వద్దన్నాను. ఆవిడ నాకేసి చూసి, సూది మార్చుకుని పై వరస మొదలుపెట్టారు. సాయంత్రం ఆపేటప్పుడు మంగళవారం నీలం దారం కట్టారు.

స్వెటర్ పూర్తయ్యాక దారాలన్నీ విప్పారు గానీ ఆ నీలం దారం ఒక్కటి ఉంచేశారు. ఇప్పటికీ నా మెడ దగ్గర ఉంది, అప్పుడప్పుడు గుచ్చుకుంటుంది.